తెర వెనక వ్యూహం

చైనాలో మూడు రాజ్యాల యుద్ధకథ నవల కాకముందే తోలుబొమ్మలాట అయింది. పదకొండో శతాబ్దంలో, సుంగ్ వంశపు రెన్‌జుంగ్ చక్రవర్తి ఏలుబడిలో, రాజధాని కైఫెంగ్ వీధుల్లో ఈ కథను చెప్పేవాళ్లు ఉండేవారు. వాళ్లు చెప్పినదాన్నే తీసుకుని, కొంత అలంకరించి, వెయ్, షు, వూ రాజ్యాల పోరును నీడబొమ్మలతో ఆడించారని సుంగ్ కాలపు గ్రంథమే చెబుతుంది. ఆ బొమ్మలను మొదట తెల్లకాగితంతో కత్తిరించేవారు, తర్వాత రంగులద్దిన తోలుతో చేశారు. అదే శతాబ్దపు మహాకవి సు షి ఇంకో ముచ్చట రాసిపెట్టాడు. పిల్లల అల్లరి పడలేని ఇళ్లల్లో పెద్దలు వాళ్ల చేతిలో నాలుగు డబ్బులు పెట్టి, పోయి కథ వినమని తోలేవారట. షు రాజ్య నాయకుడు లియు బెయ్ ఓడిపోయాడని వింటే ఆ పిల్లలు మొహాలు చిన్నబుచ్చుకుని కళ్లనీళ్లు పెట్టుకునేవారు. ఆయన శత్రువు త్సావ్ త్సావ్ ఓడాడని వింటే కేరింతలు కొట్టేవారు.

అంటే యుద్ధం, వ్యూహం మీద నడిచే ప్రాచీన కథను కుర్రకారు కోసం తిరిగి అల్లడం నేటి ప్రచురణ సంస్థల ఆలోచన కాదు. ఆ కథకు మొదటి నుంచీ ముందు వరసలో కూర్చున్నది పిల్లలే. ఇదే మాట అనంతపురం పీఠభూమి మీద భారత కథకూ వర్తిస్తుంది. అక్కడా తోలుబొమ్మే, ఇక్కడా తోలుబొమ్మే. ఈ రెండు తెరలనూ పక్కపక్కన పెట్టి చూస్తే వ్యూహకథ అంటే ఏమిటో, అది పడుచువాళ్లను ఎందుకంతగా పట్టుకుంటుందో తెలుస్తుంది.

ముందు చైనా సంగతి. 184లో పసుపు తలపాగాల తిరుగుబాటుతో హాన్ సామ్రాజ్యం సడలిపోయింది. 208లో యాంగ్సీ నది మీద ఎర్రశిలల దగ్గర ఉత్తరాది త్సావ్ త్సావ్ మహాసేనను లియు బెయ్, సున్ చువాన్ కలిసి ఎదిరించి నిలిచారు. 220లో హాన్ వంశం ముగిసింది. మూడు రాజ్యాలు ఏర్పడి కొట్టుకున్నాక, 280లో జిన్ వంశం దేశాన్ని మళ్లీ ఒక్కటి చేసింది. మూడో శతాబ్దంలోనే చెన్ షౌ అనే చరిత్రకారుడు దీన్ని గ్రంథస్థం చేశాడు. లియు బెయ్ మంత్రి జుగె ల్యాంగ్ పాలనాదక్షతను ఆయన ఎంతో మెచ్చుకున్నాడు. కానీ అప్పటికప్పుడు ఎత్తు మార్చి సేనను నడిపే విద్య మాత్రం ఆ మంత్రికి అంత బలమైనది కాదేమోనని రాశాడు. ఆ మాట రాసిన వెయ్యేళ్ల తర్వాత, పద్నాలుగో శతాబ్దపు లువో గ్వాన్‌జుంగ్ పేరు మీద ప్రసిద్ధమైన మహానవలలో అదే జుగె ల్యాంగ్ ప్రపంచంలోనే ఎదురులేని వ్యూహకర్తగా నిలబడ్డాడు. ఆ నవలకు ఇప్పుడు దొరుకుతున్న తొలి ముద్రణ 1522 నాటిది. నేడు అందరూ చదివే 120 అధ్యాయాల రూపం పదిహేడో శతాబ్దంలో మావ్ తండ్రీకొడుకులు సరిదిద్దినది. చరిత్రకారుడు సందేహించిన గుణాన్నే కథకులు పట్టుకుని పెంచారు. వీధిలో కథ విన్న పిల్లలకు కావలసింది కూడా ఆ గుణమే.

ఆ నవలలోని బాణాల ఘట్టం ఈ విద్యకు మంచి నమూనా. ఎర్రశిలల యుద్ధానికి ముందు, మిత్రపక్షపు సేనాని జౌ యూ అసూయతో జుగె ల్యాంగ్‌ను ఇరికించాలని చూస్తాడు. పది రోజుల్లో లక్ష బాణాలు చేయించి ఇవ్వమంటాడు. మూడు రోజులు చాలంటాడు జుగె ల్యాంగ్. ఇరవై పడవలు, ఒక్కో పడవకు ముప్పై మంది మనుషులు, రెండు పక్కలా గడ్డిమోపులు, పైన నీలి గుడ్డల తెరలు. ఇంతే సరంజామా. మూడో రోజు తెల్లవారుజామున నది నిండా పొగమంచు. పడవలు శత్రువు శిబిరం దగ్గరికి పోయి నగారాలు మోగిస్తాయి. మంచులో ఎంత సేన వచ్చిందో తెలియని త్సావ్ త్సావ్ గట్టు మీది నుంచి బాణాల వాన కురిపిస్తాడు. ఒక పక్క గడ్డి నిండగానే పడవలు రెండో పక్కకు తిరుగుతాయి. పొద్దెక్కి మంచు విడిపోయేసరికి లక్షకు పైగా బాణాలతో ఇల్లు చేరతాయి. చరిత్రలో ఇలాంటి సంఘటన సున్ చువాన్ పేరున, వేరే ఏట, వేరే తీరున ఉంది. బాణాలు గుచ్చుకుని ఒక పక్కకు ఒరిగిన పడవను, తూకం సరిపోయేందుకు ఆయన రెండో పక్కకు తిప్పించాడంతే. ప్రాణం కాపాడుకోవడానికి చేసిన పనిని నవల బాణాలు సంపాదించే ఉపాయంగా మార్చుకుంది.

ఖాళీ కోట ఘట్టం ఇంకా లోతైనది. ధాన్యం తరలించడానికి జుగె ల్యాంగ్ ఒక చిన్న కోటకు వస్తాడు. ఉన్న అయిదు వేల మందిలో సగం ధాన్యం మోసుకుని అప్పటికే వెళ్లిపోయారు. మిగిలింది 2,500 మంది. ఎదురుగా వెయ్ సేనాని సిమా యీ లక్షా యాభై వేల సేనతో వస్తున్నాడు. జుగె ల్యాంగ్ కోట తలుపులు నాలుగూ బార్లా తీయిస్తాడు. ఒక్కో తలుపు దగ్గర ఇరవై మంది సైనికులను పౌరుల వేషంలో నిలబెట్టి వీధి ఊడవమంటాడు. తాను బురుజు మీద ధూపం వేసుకుని, పక్కన ఇద్దరు కుర్రవాళ్లను నిలబెట్టుకుని, తంత్రీవాద్యం మీటుతూ కూర్చుంటాడు. ఇంత నిబ్బరంగా ఉన్నాడంటే లోపల ఏదో ఉందని సిమా యీ వెనక్కి తిరిగిపోతాడు.

ఈ రెండు ఘట్టాల్లోనూ కథ పుట్టేది లేమిలోంచి. బాణాలు లేవు, సైన్యం లేదు. ఉన్నది గడ్డి, పొగమంచు, ఎదుటివాడి స్వభావం మీద అంచనా. ఆ మంత్రి జీవితంలో చివరి ఆరేడేళ్లూ, 228 నుంచి 234 దాకా, కొండదారుల్లో ఉత్తరాదికి దండు నడపడంలోనే గడిచాయి. ఆ దండయాత్రలను మాటిమాటికీ వెనక్కి లాగింది శత్రువు కత్తి కన్నా తిండిగింజల కొరతే. చివరి ఏడు ఊజాంగ్ పీఠభూమి దగ్గర సైనికుల చేతనే సేద్యం చేయించి, అక్కడే కన్నుమూశాడు. వ్యూహం కలవాడి విలాసం కాదు, లేనివాడి పనిముట్టు. కరువు సీమలో ఈ మాటను వివరించి చెప్పనక్కర్లేదు.

ఈ కథను ఇంగ్లీషులో టీనేజి పాఠకుల ఫాంటసీగా తిరిగి అల్లిన రచయిత్రి జోన్ హి, చైనా మూలాలున్న అమెరికన్. ఆమె నవల ‘స్ట్రైక్ ద జిథర్’ 2022లో వచ్చింది. దాని రెండో భాగం ‘సౌండ్ ద గాంగ్’ 2024లో వచ్చింది. మొదటి పుస్తకం పేరులోని జిథర్ జుగె ల్యాంగ్ చేతిలోని ఆ తంత్రీవాద్యమే. ఇందులో కథ చెప్పేది జెఫైర్ అనే అనాథ పిల్ల. లియు బెయ్ స్థానంలో ఉన్న షిన్ రెన్ అనే స్త్రీకి ఆమె వ్యూహకర్త. త్సావ్ త్సావ్ స్థానంలో మయాజ్మా, సున్ చువాన్ స్థానంలో సికాడా. వీళ్లూ స్త్రీలే. సింహాసనం మీద ఉన్నది మయాజ్మా చేతిలో కీలుబొమ్మ అయిన చిన్నారి చక్రవర్తిని. కథ సగానికి వచ్చేసరికి దేవలోకం దిగివస్తుంది, జెఫైర్ ఎవరన్న ప్రశ్నే తలకిందులవుతుంది.

మూలంలో ఉన్నది మగవాళ్ల మూడు రాజ్యాలు. అక్కడ ఆడవాళ్లు చాలాచోట్ల ఎరలుగానో, బందీలుగానో కనిపిస్తారు. పాత్రలను స్త్రీలుగా మార్చడం పైకి కనిపించే మార్పు. దానికంటే ముఖ్యమైనది చూపు మారడం. పాత నవల వ్యూహకర్తను బయటినుంచి చూపిస్తుంది. ఆయన విసనకర్ర ఊపి చిరునవ్వు నవ్వుతాడు, ఫలితం తర్వాత తెలుస్తుంది. జోన్ హి వ్యూహకర్త తలలోకే వెళ్లి కూర్చుంటుంది. అక్కడ భయం ఉంది, గర్వం ఉంది, లెక్క తప్పుతుందేమోనన్న దడ ఉంది. పదహారు, పదిహేడేళ్ల పాఠకులకు కావలసిన తలుపు సరిగ్గా అదే. పైగా ఇందులో మూలానికి అన్యాయమేమీ లేదు. లియు బెయ్ మూడుసార్లు గుడిసె తలుపు తట్టి పిలుచుకుపోయిన నాటికి జుగె ల్యాంగ్‌కు ఇరవయ్యేడేళ్లు. పిలవడానికి పోయినవాడికి నలభయ్యేడు. పండుగడ్డంతో బొమ్మలు గీసీ గీసీ జనం మరిచిపోయారు గానీ, ఆ కథ తొలినుంచీ ఒక పడుచువాడి కథే. పడుచువాళ్లు ‘జలతీర కథ’, అంటే నూట ఎనమండుగురు బందిపోట్ల నవల, చదవకూడదనీ, ముసలివాళ్లు మూడు రాజ్యాలు చదవకూడదనీ చైనాలో ఒక సామెత. మొదటిది చదివితే కయ్యానికి కాలుదువ్వుతారట, రెండోది చదివితే మరీ జిత్తులమారులవుతారట. ఆ లెక్కన మూడు రాజ్యాల కథ పడుచువాళ్లకే తగినదని సామెతే ఒప్పుకుంటోంది.

ఇక ఈ గడ్డ మీదికి వస్తే, అనంతపురం సీమ వాన నీడలో ఉన్న ఎర్రనేల. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి. ఈశాన్యపు వానలు కోస్తా దాటి ఇక్కడిదాకా వచ్చేసరికి చిక్కిపోతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు వర్షం. అదీ ఒక అదనులో పడదు. చెనిక్కాయ విత్తనం వేసి ఆకాశం చూసే సేద్యం. ఇలాంటి చోట, ధర్మవరం మండలం నిమ్మలకుంటలో, భారత రామాయణ యుద్ధాలను మేకతోలు మీద మోసుకుంటూ వచ్చిన కుటుంబాలున్నాయి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఉన్న ఆ ఊరు 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. అక్కడి కళాకారుల్లో దళవాయి అనే ఇంటిపేరు ప్రసిద్ధం. దళవాయి అంటే సేనాపతి. ఆ ఇంటిపేరున్న చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

బొమ్మ తయారయ్యే తీరు చూడదగ్గది. తోలును నానబెట్టి, వెంట్రుకలు పోయేలా గీకి, లాగి బిగించి ఎండలో ఆరబెడతారు. అప్పుడది వెలుతురు చొరబడేంత పలచనవుతుంది. దాని మీద గీతలు గీసి, సన్నని ఉలులతో చిల్లులు కొడతారు. కిరీటం, కంఠహారం, వడ్డాణం అన్నీ ఆ చిల్లులే. తెర మీద నగలు మెరిసేది రంగు వల్ల కాదు, అక్కడ తోలు లేకపోవడం వల్ల. చేతులు, కాళ్లు, మెడ విడివిడిగా చేసి దారంతో ముడివేస్తే బొమ్మకు కదలిక వస్తుంది. రెండు పక్కలా రంగులు వేస్తారు. దేవతల బొమ్మలకు ఒకప్పుడు జింకతోలు వాడేవారు. ఆంధ్ర తోలుబొమ్మలు దేశంలోకెల్లా పెద్దవి, మనిషి నిలువంత ఎత్తువి కూడా ఉన్నాయి. లేపాక్షి గుడి కప్పు మీద పదహారో శతాబ్దపు చిత్రాల్లో కిరాతార్జునుల ఘట్టం ఉంది. ఆ పెద్ద కళ్లు, పక్కకు తిరిగిన మొహాలు, గీతల బిగువు చూసినవారికి ఈ బొమ్మలు గుర్తురాక మానవు.

తెల్ల గుడ్డ తెర, వెనక ఒకప్పుడు ఆముదం దీపాలు, తర్వాత పెట్రోమాక్సు లైట్లు, ఇప్పుడు కరెంటు బల్బులు. హార్మోనియం, మద్దెల, తాళాలు. యుద్ధం వచ్చినప్పుడు కాళ్ల కింది చెక్కలను టపటపలాడిస్తే గుర్రాల డెక్కలు, విరిగే రథాలు అన్నీ అందులోనే. మగవాళ్లతో సమానంగా ఆడవాళ్లూ బొమ్మ పట్టి, గొంతు ఇచ్చి పాడతారు. మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు వచ్చి నిద్రపోయే పిల్లలను నవ్వించి లేపుతారు. భారతంలో పద్దెనిమిది అక్షౌహిణులు. కౌరవులకు పదకొండు, పాండవులకు ఏడు. ఒక్క అక్షౌహిణిలో రథాలే 21,870. ఇంత సేనను తెర వెనక ఒక కుటుంబం ఆడిస్తుంది. గడ్డిమోపుల పడవలతో లక్ష బాణాలు తేవడానికీ, పది మంది చేతులతో కురుక్షేత్రం చూపడానికీ పెద్ద తేడా లేదు. కైఫెంగ్‌లోనైనా, నిమ్మలకుంటలోనైనా వ్యూహకథ నీడబొమ్మల చేతికి చిక్కడం యాదృచ్ఛికం కాదు. ఆ ఆట తానే ఒక వ్యూహం.

ఈ సీమకు భారతంలో మరీ దగ్గరైనది విరాటపర్వం. వానలు మొహం చాటేస్తే విరాటపర్వం చదివించడం, ఆడించడం తెలుగు పల్లెల్లో పాత ఆచారం. తెలుగు భారతాన్ని నన్నయ తర్వాత అందుకున్న తిక్కన కూడా విరాటపర్వంతోనే మొదలుపెట్టాడు. అది మొదటినుంచి చివరిదాకా దాగడం, కనిపెట్టడం, ఎత్తు, పైఎత్తు. పన్నెండేళ్ల అరణ్యవాసం ముగిశాక పాండవులు పదమూడో ఏడు ఎవరి కంటా పడకుండా గడపాలి. విరాటరాజు కొలువులో ధర్మరాజు కంకుభట్టు అవుతాడు, భీముడు వంటవాడైన వలలుడవుతాడు, అర్జునుడు ఆట నేర్పే బృహన్నల అవుతాడు. ఆయుధాలను శవంలా మూటకట్టి శ్మశానం దగ్గరి జమ్మిచెట్టు మీద దాస్తారు. ఈ మెట్టనేలల్లో తేలిగ్గా బతికే చెట్టు జమ్మి. దసరా నాడు జనం దాని చుట్టూ తిరిగేటప్పుడు ఆ మూట సంగతి పిల్లలకు చెప్పని ఇల్లు ఉండదు.

విరాటుడి సేనాని కీచకుడు చచ్చాడని తెలియగానే కౌరవులు వేసిన ఎత్తు చక్కని యుద్ధతంత్రం. ముందు త్రిగర్త రాజు సుశర్మ దక్షిణం వైపు ఆవులను తోలుకుపోతాడు. విరాటుడు ఉన్న సేననంతా తీసుకుని అటు పరుగెడతాడు. మర్నాడు దుర్యోధనుడు ఉత్తరం వైపు ఆవులను పట్టుకుంటాడు. ఒక దిక్కున అలికిడి చేసి ఇంకో దిక్కున దెబ్బకొట్టడం చైనా ముప్పై ఆరు ఎత్తుగడల్లోనూ ఒకటి. గొడ్డూ గోదే ఆస్తి అయిన సీమలో ఈ మంద దొంగతనం ఎంత పెద్ద యుద్ధమో వినేవాళ్లకు వెంటనే తెలుస్తుంది. ఇంట్లో మిగిలినవాడు ఉత్తరుడు, పడుచు రాకుమారుడు. అంతఃపురంలో ఆడవాళ్ల ముందు కోతలు కోసి, కురుసేన కనబడగానే రథం దూకి పారిపోతాడు. ఉత్తరకుమారుడి ప్రగల్భాలు అనే మాట ఆ ఘట్టం ఇచ్చిందే. కానీ కథ అక్కడ ఆగదు. బృహన్నల వెంటపడి పట్టుకొచ్చి, జమ్మిచెట్టు ఎక్కించి, ఆ మూట విప్పించి, పగ్గాలు చేతికిస్తుంది. భయపడ్డ కుర్రవాడే ఆ రోజంతా గాండీవం ధ్వని పక్కన నిలబడి రథం తోలతాడు. పారిపోయిన మాట లోకం గుర్తుపెట్టుకుంది, తిరిగి వచ్చి నిలబడ్డ మాట మరిచిపోయింది. ఇది ఆ పిల్లవాడికి జరిగిన అన్యాయం.

అతని చెల్లెలు ఉత్తర కోరిక ఇంకా చిత్రమైనది. యుద్ధానికి బయల్దేరుతున్న బృహన్నలను ఆ పిల్ల అడిగేది, కురువీరుల రంగురంగుల బట్టలు తన బొమ్మపొత్తికలకు తెచ్చిపెట్టమని. అర్జునుడు సమ్మోహనాస్త్రం వేసి మహారథులను మూర్ఛలో ముంచి, ఉత్తరుడి చేత ఆ బట్టలు తీయించి తెస్తాడు. భీష్మద్రోణులున్న సేనను ఒంటిగా గెలిచి తెచ్చిన కానుక బొమ్మలకు చీరలు. యుద్ధపు గొప్పతనాన్ని ఆడపిల్ల ఆటబొమ్మ పక్కన నిలబెట్టి కొలిచిన ఈ ఘట్టాన్ని మించిన బాలసాహిత్యం అరుదు. ఉత్తర నోట ఈ కథ తెలుగులో ఒక నవలగా రావాలి.

పడుచువాడిని మింగిన వ్యూహం పద్మవ్యూహం. అభిమన్యుడికి లోపలికి పోవడం తెలుసు, బయటికి రావడం తెలియదు. మూడు రాజ్యాల నవలలో దీనికి తోబుట్టువు లాంటి ఘట్టం ఉంది. నది ఒడ్డున జుగె ల్యాంగ్ ఎప్పుడో రాళ్లు పేర్చి ఎనిమిది వాకిళ్ల వ్యూహం కట్టి పోతాడు. తరిమివచ్చిన లూ షున్ అనే వూ రాజ్యపు పడుచు సేనాని దాన్ని ఆటబొమ్మగా తీసిపారేసి లోపలికి పోయి చిక్కుకుంటాడు. గాలి లేస్తుంది, ఇసుక కమ్ముతుంది, దారి దొరకదు. అప్పుడొక ముసలాయన వచ్చి చెయ్యిపట్టి బయటికి నడిపిస్తాడు. ఆయన జుగె ల్యాంగ్‌కు పిల్లనిచ్చిన మామ. శత్రువు సేనాని అని తెలిసీ, నిండు ప్రాణం పోవడం చూడలేక దారి చూపిస్తాడు. అభిమన్యుడికి దారి చూపే పెద్దమనిషి దొరకలేదు. దారి చూపాల్సిన పెద్దలంతా వ్యూహం లోపల బాణాలు పట్టుకుని నిలబడ్డారు. భారతం ఇక్కడ మూడు రాజ్యాల కథ కన్నా కఠినంగా, ఇంకా నిజంగా ఉంది.

ఆ అభిమన్యుడికి తెలుగువాళ్లు ఇంకో కథ కట్టి ఇచ్చారు. అదే శశిరేఖా పరిణయం. బలరాముడి కూతురుతో అతని ప్రేమ, ఘటోత్కచుడి మాయతో జరిగిన పెళ్లి వ్యాస భారతంలో లేవు. ఆ కథను నాటకంగా ఊరూరా తిప్పిన సురభి వాళ్ల మొదలు కూడా తోలుబొమ్మలాటే. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు బృందం బొమ్మలు పక్కనపెట్టి మనుషులే వేషాలు కట్టి ఆడిన తొలి నాటకం కీచకవధ. అదీ విరాటపర్వమే. బొమ్మ తెర ముందుకు వచ్చి మనిషయింది. అక్కడి నుంచి వెండితెరకు ఇంకో అడుగు.

ఆ అడుగు వేసినవాళ్లలో మొదట తలుచుకోవలసినవాడు తాడిపత్రిలో 1912లో పుట్టిన కదిరి వెంకటరెడ్డి, జనం నోట కె.వి.రెడ్డి. 1957లో విజయా సంస్థకు ఆయన తీసిన ‘మాయాబజార్’, భారత యుద్ధకథను పడుచువాళ్ల వైపు నుంచి తిరిగి అల్లిన ఫాంటసీల్లో తెలుగులో ఇప్పటికీ మొదటిది. చిత్రీకరణకు ముందే ప్రతి సన్నివేశం నిడివీ గడియారం పెట్టి లెక్కకట్టుకునే దర్శకుడాయన. రాత పింగళి నాగేంద్రరావు, ఛాయాగ్రహణం మార్కస్ బార్‌ట్లే. ద్వారకానగరం కోసం 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు చోటులో దాదాపు 300 బొమ్మ ఇళ్లు కట్టి దీపాలు పెట్టారు. ఇక్కడా పెద్ద నగరాన్ని చిన్న బొమ్మలే మోశాయి.

ఆ కథనంలోని ధైర్యం ఒకటి గమనించాలి. పాండవులు తెర మీదికే రారు. రాజ్యం పోయింది, వాళ్ల పిల్లవాడు తల్లితో మేనమామ ఇంటికి చేరాడు, ఆ ఇంట్లో కూడా మర్యాద తగ్గింది. అంతవరకే కథకు కావాలి. శకుని ఎత్తు రాజకీయం. రాబోయే యుద్ధంలో బలరామకృష్ణుల బలం తమవైపు రావాలంటే శశిరేఖను దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడికి చేసుకోవాలి. కృష్ణుడి పైఎత్తు ఒక్క బాణం కూడా లేనిది. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో పెళ్లికూతురై కూర్చుంటాడు. అనుచరులు మాయాబజారు కట్టి మగపెళ్లివారిని కంబళ్ల మీద, తల్పాల మీద ముప్పుతిప్పలు పెడతారు. సత్యపీఠం ఎక్కిన శకుని తన నోటితోనే కుట్ర అంతా కక్కేస్తాడు. శశిరేఖగా నటించిన సావిత్రి ఆడపిల్ల శరీరంలో రాక్షసుడి నడక, రాక్షసుడి చూపు చూపిన తీరు, పాత్రలను స్త్రీలుగా మార్చిన ఈనాటి నవలలకు అరవై అయిదేళ్ల ముందటిది. ఖాళీ కోటలాగే ఇక్కడా యుద్ధం జరగదు, ఎదుటివాడు తన బుద్ధి చేతనే ఓడిపోతాడు. ఆ అభిమన్యుడికి ముందున్నది పద్మవ్యూహమని చూసేవాళ్లందరికీ తెలుసు. తెలిసి కూడా ఆ మూడు గంటలు నవ్వుతారు. ఆ నవ్వు వెనక ఉన్న దిగులే ఆ సినిమాను పిల్లల కథ దాటించింది.

అచ్చులో ఈ రుచిని పిల్లలకు అలవాటు చేసింది 1947 జూలైలో మద్రాసులో మొదలైన ‘చందమామ’. భారతాన్ని తేలిక మాటల్లో ధారావాహికగా ఇచ్చింది. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం రాసిన మాంత్రికుల, కోటల, సాహసాల సీరియళ్లు, వాటికి చిత్రా వేసిన బొమ్మలు ఒక తరాన్నంతా నెల నెలా పోస్టుమాన్ కోసం ఎదురుచూసేలా చేశాయి. వాటిలో కూడా గెలిచేది ఎక్కువసార్లు కండబలం కాదు, సమయస్ఫూర్తి. ఆ తర్వాత టీనేజి వయసు కోసం ప్రత్యేకంగా రాసే అలవాటు తెలుగులో నిలదొక్కుకోలేదు. బాలసాహిత్యం పదేళ్ల దగ్గర ఆగిపోతుంది, పెద్దల నవల పెళ్లి దగ్గర మొదలవుతుంది. మధ్యలోని ఏడెనిమిదేళ్లు ఖాళీ. ఆ వయసు పిల్లలు జెఫైర్‌ను ఇంగ్లీషులో చదువుకుంటున్నారు. చదవనివ్వాలి. వాళ్లకు ఉత్తర కూడా తెలియాలి.

నిమ్మలకుంటలో ఇప్పుడు ఎక్కువగా తయారయ్యేవి ఆటబొమ్మలు కావు, దీపపు తొడుగులు, గోడకు తగిలించే పటాలు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ అమ్మకం కుటుంబాలను నిలబెట్టింది, ఉలి పట్టడం మరిచిపోకుండా కాపాడింది. అది మంచిదే. కానీ పటంగా గోడకు ఎక్కిన అర్జునుడికి కీళ్లు ఉండవు. చేతులు కదలవు, రథం కదలదు. పాట, పద్యం, చెక్కల చప్పుడు, రాత్రంతా నిలబడి బొమ్మ పట్టే ఓపిక, ఏ ఘట్టంలో ఎవరు ముందుకు రావాలో తెలిసిన లెక్క, ఇవన్నీ ఆడితేనే ఉంటాయి. చైనాలోనూ నీడబొమ్మలాటకు ఇదే గండం. అయితే అక్కడి మూడు రాజ్యాల కథ నాటకంగా, నవలగా, సినిమాగా, వీడియో గేముగా, ఇప్పుడు అమెరికా అమ్మాయి ఫాంటసీగా మారి పడుచువాళ్ల చేతిలో ఉంది. విరాటపర్వం ఇంకా తాతల జ్ఞాపకంలోనే ఉంది.

చేయవలసిన పనులు పెద్దవేమీ కాదు. రాయగలిగినవాళ్లు ఉత్తర వైపు నుంచో, రథం దూకి మళ్లీ ఎక్కిన ఉత్తరుడి వైపు నుంచో ఒక నవల రాయాలి. పదిహేనేళ్ల పిల్లలు చదివే భాషలో, వ్యూహం లోపలి భయంతో సహా రాయాలి. రాసేముందు ఒక రాత్రి తెర వెనక కూర్చుని చూడాలి. వాన రాని ఏడు విరాటపర్వం ఆడించాలనుకునే ఊరు ఏదైనా సరే, నిమ్మలకుంట మేళాన్ని పిలిపించి, ఆట పూర్తిగా ఆడించి, ఆ ఊరి బడిపిల్లలను ముందు వరసలో కూర్చోబెట్టాలి.